పిల్ల నిద్రపోయినంత సేపటి ఉద్యోగం

ఆ మధ్య మహిళా దినోత్సవం నాడు మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక సహోద్యోగి ఒక గ్రాఫు పెట్టాడు. పదిహేనేళ్ళు దాటిన ఆడవాళ్ళలో పని చేస్తున్నవారు, పని వెతుక్కుంటున్నవారు కలిపి 2017-18లో 23.3 శాతం ఉండగా, 2023-24 నాటికి 41.7 శాతానికి చేరారని అందులో చూపించారు. గీత నిటారుగా పైకి లేస్తున్నది. కింద చప్పట్ల బొమ్మలు వరుసగా పడ్డాయి, నేనూ ఒకటి పెట్టాను. పెట్టిన కాసేపటికే, ఆరూ ఇరవైకి, మా పాప ఉండే డే కేర్ నుంచి సందేశం వచ్చింది: ఆరున్నర దాటితే ప్రతి పావుగంటకు వంద రూపాయలు అదనంగా కట్టాలి. అప్పటికి నేనింకా ఐదో అంతస్తులో లిఫ్టు కోసం నిలబడి ఉన్నాను. ఆ రోజు రెండు వందలు కట్టాను.

రాత్రి పాప పడుకున్నాక ఆ గ్రాఫుకు మూలమైన కార్మిక సర్వే నివేదికను తెరిచాను. పద్దులు చూడడమే నా వృత్తి కాబట్టి, అడుగున ఉన్న మొత్తాన్ని చూసి సంతోషపడడం నాకు చేతకాదు, ఆ మొత్తం ఏ ఏ ఖాతాల నుంచి వచ్చిందో చూడనిదే నిద్ర పట్టదు. పని చేస్తున్న ఆడవాళ్ళలో స్వయం ఉపాధి కింద లెక్కకు వచ్చేవారు 2017-18లో 51.9 శాతం, 2023-24లో 67.4 శాతం. అదే కాలంలో నెల జీతం ఉన్నవారి వాటా 21 శాతం నుంచి 15.9 శాతానికి తగ్గింది. స్వయం ఉపాధి అన్న పెద్ద మాట కింద సొంతవాళ్ళ దుకాణంలోనో పొలంలోనో పైసా తీసుకోకుండా పనిచేసే ఆడవాళ్ళు కూడా ఉన్నారు. పని చేస్తున్న ప్రతి వంద మందిలో దాదాపు ముప్పై ఏడుగురు వాళ్ళే. వాళ్ళ కష్టం లెక్కలో ఉంది, కూలి మాత్రం ఎవరి చేతికీ రాలేదు.

పిల్లల్ని చూసేవారు లేక ఆడవాళ్ళు పని మానేస్తున్నారని తరచూ చదువుతుంటాం. నగరాల్లో మధ్యతరగతి ఇళ్ళ విషయంలో అది నిజమే. కానీ నేను పుట్టి పెరిగిన ఊళ్ళో పని మానేసే స్తోమత ఉన్న ఆడవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అక్కడ పిల్ల పుట్టాక పని ఆగదు, మారుతుంది. పిల్ల పక్కన కూర్చుని చేయగలిగినది, పిల్ల లేచి ఏడ్చినప్పుడు మధ్యలో వదిలేయగలిగినది, ఇంటి గడప దాటనవసరం లేనిది ఏదుంటే దానికి ఆ మనిషి కుదించుకుపోతుంది. పిల్లల సంరక్షణ గురించి మాట్లాడేటప్పుడు ఎంతమంది పని చేస్తున్నారని కాకుండా ఏ పని చేస్తున్నారని అడగాలన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది.

మంచం కోడు

మాది జగిత్యాల జిల్లాలో కోరుట్ల దగ్గరి ఊరు. మా వాడలో బీడీలు చేయని ఇల్లు లేదు. అమ్మ పెళ్ళికి ముందు నుంచే బీడీలు చేసేది. ముందు రాత్రి నానబెట్టిన తునికాకును తడిగుడ్డలో చుట్టి ఉంచి, పొద్దున ఇంటి పనులు తెమిలాక, కొలతకు చేసిన రేకు ముక్కను ఆకు మీద పెట్టి కత్తెరతో కత్తిరించేది. ఆ తరువాత ఒళ్ళో చాట పెట్టుకుని, ఆకులో చిటికెడు తంబాకు వేసి, చుట్టి, దారం కట్టి, మూతి మడిచేది. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట, నలభై కట్టలు వెయ్యి. మా ఇంట్లో కాలాన్ని గంటల్లో కాకుండా కట్టల్లో కొలిచేవారు.

నాకు నడక వచ్చిన కొత్తలో అమ్మ నా నడుముకు పాత చీర పేలికను కట్టి, రెండో కొసను మంచం కోడుకు ముడివేసేదట. తంబాకు చాటను నేను అందుకోకూడదు, కత్తెరను అందుకోకూడదు, పొయ్యి దాకా పోకూడదు. పేలిక పొడవు ఆ లెక్క ప్రకారం ఉండేది. దీన్ని అమ్మ సిగ్గుపడుతూనో బాధపడుతూనో ఎప్పుడూ చెప్పలేదు, కూరలో ఉప్పు ఎంత వేయాలో చెప్పినంత మామూలుగా చెప్పింది. "నువ్వు పండుకున్న గంటకు నాలుగు కట్టలు అయ్యేది, లేసి ఉంటె రెండు గూడ కాకపోయేది" అన్నది. వెయ్యి పూర్తి కావాలంటే పది గంటలు పట్టాలి. నా నిద్ర తక్కువైన రోజున ఆ పది గంటలు రాత్రి దీపం దాకా సాగేవి.

ఇందులో నన్ను ఆలోచింపజేసే విషయం ఒకటుంది. బీడీ కార్మికుల కోసం 1966లో వచ్చిన చట్టంలో శిశు సంరక్షణ గదికి, అంటే క్రెష్‌కు, ఒక సెక్షనే ఉండేది. నిర్ణీత సంఖ్యకు మించి ఆడవాళ్ళు పనిచేసే కార్ఖానాలో ఆరేళ్ళ లోపు పిల్లల కోసం ఒక గది ఉండాలి, దానికి గాలీ వెలుతురూ ఉండాలి, పిల్లల్ని చూడడంలో శిక్షణ పొందిన ఆడమనిషి ఉండాలి. చట్టం చక్కగానే రాశారు. అయితే ఆడవాళ్ళు బీడీలు చేసేది కార్ఖానాలో కాదు. టేకేదారు, అంటే కంపెనీకీ కార్మికులకూ మధ్యనుండే మనిషి, ఆకూ తంబాకూ తూకం వేసి ఇస్తాడు, సాయంత్రానికి బీడీలు లెక్కపెట్టి తీసుకుంటాడు, మధ్యలో జరిగేదంతా కార్మికురాలి ఇంటి వాకిట్లో, ఆమె చూరు కింద, ఆమె పిల్ల పక్కన జరుగుతుంది. యజమానికి గది అద్దె లేదు, దీపం ఖర్చు లేదు, క్రెష్ మాట అసలే లేదు. ఆ గదికి అయ్యే ఖర్చును ఇన్నేళ్ళూ మా అమ్మా, ఆమె చీర పేలికా, మంచం కోడూ భరించాయి. ఈ ఏర్పాటునే అందరూ "ఇంటి పట్టున ఉండి చేసుకునే పని" అని మెచ్చుకుంటారు. నాకు ఆ మాట వింటే చిరాకు.

ఇప్పుడు మా ఊళ్ళో డిగ్రీ చదివిన కోడళ్ళు ఉన్నారు. వాళ్ళకు బీడీలు నచ్చవు. కానీ వాళ్ళు చేస్తున్న పనులను పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక కనిపిస్తుంది. ఒకరు జాకెట్లు కుడతారు, ఒకరు ఇంట్లోనే చీరలకు ఫాల్ వేస్తారు, ఒకరు తక్కువ జీతానికి దగ్గరి ప్రైవేటు బడిలో చెబుతారు, ఎందుకంటే పిల్లను కూడా అదే బడికి తీసుకుపోవచ్చు, ఇద్దరూ ఒకే వేళకు ఇంటికి చేరవచ్చు. నా సంగతికి వస్తే, పాప పుట్టక ముందు ఆడిట్ బృందంలో ఉండి నెలకు వారం రోజులు వేరే ఊళ్ళు తిరిగేదాన్ని. సెలవు ముగిసి వెళ్ళాక జీతాల లెక్కలు చూసే విభాగానికి మార్చమని నేనే అడిగాను. ఎవరూ ఒత్తిడి పెట్టలేదు, జీతం తగ్గించలేదు. మూడేళ్ళ తరువాత నాతోపాటు చేరినవారు మేనేజర్లయ్యారు. సర్వేవాళ్ళు వస్తే నేను నెల జీతం ఉన్న స్త్రీని, మొదటి నుంచీ చివరి దాకా పనిలోనే ఉన్న స్త్రీని.

ఏడు కిలోమీటర్ల అవతల

ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించినప్పుడు రెండు మార్పులు వచ్చాయి. మొదటి ఇద్దరు బిడ్డలకు జీతంతో కూడిన సెలవు 12 వారాల నుంచి 26 వారాలయింది. యాభై మంది కూడా లేని చిన్న సంస్థలను వదిలేస్తే, మిగిలినవన్నీ క్రెష్ సౌకర్యం కల్పించాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసి రావచ్చని చేర్చారు. మొదటిది అందరికీ తెలుసు. రెండోది మా ఆఫీసులో నాకు తెలిసే నాటికి పాపకు ఏడాది నిండింది.

హెచ్‌ఆర్ విభాగాన్ని అడిగితే, "మనకు టై-అప్ ఉంది మేడమ్, ఇంతవరకు ఎవరూ అడగలేదు" అన్నారు. ఆ టై-అప్ ఉన్న డే కేర్ మా ఆఫీసుకు ఏడు కిలోమీటర్ల దూరం, అదీ మా ఇంటికి ఎదురు దిక్కులో. ఎవరూ ఎందుకు అడగలేదో అప్పుడు అర్థమైంది. రోజుకు నాలుగుసార్లు వెళ్ళి వచ్చే హక్కు నాకుంది. హైదరాబాదు ట్రాఫిక్‌లో నాలుగుసార్లు పోయి వస్తే ఆ రోజుకు నా ఉద్యోగం అదే. చట్టం దూరాన్ని నియమాలకు వదిలేసింది. 2018లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు పని చోటునే గానీ, 500 మీటర్ల లోపు గానీ ఉండాలని చెప్పాయి. మార్గదర్శకమంటే దారి చూపేది మాత్రమే, పాటించకపోతే పట్టుకునేది కాదు. మా సంస్థ కాగితాల మీద చట్టాన్ని పాటిస్తున్నదనే నేను కూడా ఏటా నివేదికలో టిక్కు పెడుతున్నాను.

"ఎవరూ అడగలేదు" అన్న మాటను నేను అంతకు ముందు ఇంకో చోట విన్నాను. ఉపాధి హామీ చట్టం వచ్చిన కొన్నేళ్ళకు, వేసవి సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు, అమ్మతో కలిసి చెరువు పూడిక పనికి వెళ్ళాను. ఆరేళ్ళ లోపు పిల్లలు ఐదుగురు గానీ అంతకు మించి గానీ పని చోటుకు వస్తే, కూలీలలోనే ఒక ఆడమనిషిని వాళ్ళను చూడడానికి పెట్టి, ఆమెకూ మిగతావారితో సమానంగా కూలి ఇవ్వాలని ఆ చట్టంలో ఉండేది. కాలేజీలో చదువుకుంటున్న ఉత్సాహంలో, పని దగ్గర కూలీలను చూసుకునే మేటును ఈ సంగతి అడిగాను. అతను చుట్టూ చెయ్యి చూపించి, "పిల్లలే లేరు గదా, ఆయాను ఎవలకోసం పెడ్తం?" అన్నాడు. నిజంగానే ఒక్క పిల్ల కూడా లేదు. నీడ లేని చెరువు గట్టు మీదికి, మే నెల ఎండలోకి ఏ తల్లి తీసుకువస్తుంది? పిల్లలు రారు కాబట్టి ఆయా లేదు, ఆయా లేదు కాబట్టి పిల్లలు రారు. ఆ ఏడాది మా వాడలో పాలు తాగే పిల్లలున్న నలుగురు తల్లులు పనికే రాలేదు. వాళ్ళు ఆ వారం ఇంట్లో బీడీలు చేశారు.

మన చట్టాలన్నిటిలోనూ ఇంతమంది ఉంటేనే అన్న ఈ గుమ్మం లెక్క ఉంటుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ముప్పై మందికి మించి ఆడవాళ్ళు ఉంటే క్రెష్ అన్నారు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలో యాభై మందికి మించి ఆడవాళ్ళు ఉంటే క్రెష్ అన్నారు. ఇలా ఆడవాళ్ళ సంఖ్యకు ముడిపెడితే ముప్పై ఒకటో ఆడమనిషిని చేర్చుకోవడం యజమానికి భారమవుతుంది. 2017 సవరణ ఆడా మగా కలిపి లెక్కపెట్టడంతో ఆ తప్పును దిద్దింది. అయితే ఖర్చు మొత్తాన్నీ మళ్ళీ ఆ ఒక్క యజమాని మీదే ఉంచింది. ఇరవై ఆరు వారాల జీతం, క్రెష్ ఖర్చు రెండూ తన జేబు నుంచే పోతాయనుకున్న చిన్న వ్యాపారి, పాతికేళ్ళ పెళ్ళయిన అమ్మాయి దరఖాస్తును ఏం చేస్తాడో ఊహించడానికి సర్వేలు అక్కరలేదు. నెలకు 21 వేల లోపు జీతం ఉండి ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా, కింద ఉన్నవారికి ప్రసూతి సెలవు జీతాన్ని అందరి చందాలతో ఏర్పడిన నిధి ఇస్తుంది, అందువల్ల ఏ ఒక్క యజమానికీ అది ప్రత్యేక భారంగా కనిపించదు. సెలవుకు పనికివచ్చిన ఈ పద్ధతి క్రెష్‌కు ఎందుకు పనికిరాదో నాకు అర్థం కాదు.

మూడేళ్ళు నిండే దాకా

అసలు మనకు ఊరూరా పిల్లల కేంద్రం లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఈ దేశంలో ప్రభుత్వం చేసిన మంచి పనుల్లో ఒకటని నా నమ్మకం. తెలంగాణలో 35,700, ఆంధ్రప్రదేశ్‌లో 55,607 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. నేను అక్షరం దిద్దింది అక్కడే, మొదటిసారి కోడిగుడ్డు రోజూ తిన్నది మా తరువాతి తరం అక్కడే. కాబట్టి దూరం సంగతిలో అంగన్‌వాడీని తప్పుపట్టలేం. ఏ వాడ నుంచైనా నడిచి పోవచ్చు.

చిక్కు వయసుతోనూ వేళలతోనూ ఉంది. మూడేళ్ళు నిండిన పిల్లలనే అక్కడ కూర్చోబెట్టుకుంటారు. అంతకన్నా చిన్నవాళ్ళకు తూకం చూస్తారు, టీకాలు వేయిస్తారు, తెలంగాణలో ఏడో నెల నుంచి మూడేళ్ళ దాకా నెలకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్టు ఇస్తారు. ఆ ప్యాకెట్టును అందుకుని బిడ్డను చంకనేసుకుని తల్లి ఇంటికి రావాలి. చట్ట ప్రకారం సెలవు దొరికిన అదృష్టవంతురాలికి కూడా అది ఆరు నెలలతో ముగుస్తుంది, అంగన్‌వాడీ మూడేళ్ళతో మొదలవుతుంది. నడుమ ఉన్న రెండున్నరేళ్ళు ఎవరివీ కావు. ఆడదాని పని ఏ దారి పట్టాలో తేలిపోయేది సరిగ్గా ఆ రెండున్నరేళ్ళలోనే. ఒకసారి ఇంటి దగ్గరి పనికి అలవాటు పడ్డాక, పిల్ల బడికి పోయే వయసు వచ్చినా పాత దారికి తిరిగి రావడం అరుదు. ఈలోపు రెండో పిల్ల కూడా రావచ్చు.

వేళల సంగతి మరీ విచిత్రం. మా ఊరి అంగన్‌వాడీ తలుపు తెరుచుకునే సరికి తొమ్మిదిన్నర అవుతుంది. వరి నాటుకు పోయే కూలీల ఆటో ఏడున్నరకే వాడ దాటుతుంది. పత్తి ఏరే రోజుల్లో ఆడవాళ్ళు పొద్దు గూకాక గానీ ఇల్లు చేరరు, పిల్లలు మాత్రం మధ్యాహ్నం అన్నం తిని, ఒక కునుకు తీసి ఇంటికి వచ్చేస్తారు. ఈ నడుమ గంటలను పదేళ్ళ అక్కలు భరిస్తారు. పత్తి కాలంలో మా ఊరి బడిలో ఏ ఆడపిల్లలు రావడం లేదో హాజరు పట్టీ చూస్తే తెలుస్తుంది.

అంగన్‌వాడీలలోనే క్రెష్ నడపాలన్న ఆలోచన ప్రభుత్వానికి రాలేదని కాదు. కేంద్ర ప్రభుత్వ పాల్నా పథకం కింద 2025-26 నాటికి దేశం మొత్తం మీద 17 వేల అంగన్‌వాడీలలో క్రెష్‌లు పెట్టాలని లక్ష్యంగా పెట్టుకున్నారు. దేశంలో అంగన్‌వాడీలు దాదాపు 14 లక్షలు. లక్ష్యం పూర్తిగా నెరవేరినా ఎనభై కేంద్రాలకు ఒకటి వస్తుంది. పక్కనున్న కర్ణాటక 2023లో మూడేళ్ళ లోపు పిల్లల కోసం గ్రామ పంచాయతీలలో "కూసిన మనె", అంటే పసిబిడ్డ ఇల్లు, పేరుతో నాలుగు వేల కేంద్రాలు పెడతామని ప్రకటించింది. ఆడవాళ్ళకు ఉచిత బస్సు విషయంలో కర్ణాటకను చూసి నేర్చుకున్న రెండు తెలుగు రాష్ట్రాలు దీన్ని ఎందుకు చూడలేదో మరి.

నాకున్న అనుమానాలు

ఇంతవరకు రాసింది చదివి నేనే నాకు ఎదురు ప్రశ్నలు వేసుకున్నాను. పిల్లలే కారణమైతే, పిల్లలు పెద్దవాళ్ళయిన ఆడవాళ్ళు, పిల్లలే లేని ఆడవాళ్ళు మంచి ఉద్యోగాల్లో కనిపించాలి కదా? కనిపించడం లేదు. ఊళ్ళో ఉద్యోగమే లేదు, ఉన్నచోటికి పంపరు, పంపినా చీకటి పడేలోగా రమ్మంటారు. పట్టణాల్లో కోడలు జీతానికి పోకపోవడం ఇంటి గౌరవమని నమ్మే కుటుంబాలకు, గుమ్మం ముందు క్రెష్ పెట్టినా ఏమీ మారదు. ఇది ఒప్పుకుంటాను. క్రెష్ ఒక్కటే తాళం చెవి అని నేను అనను. కానీ పోవాలని ఉండి, పంపే ఇల్లు ఉండి, బస్సు కూడా ఉచితంగా వచ్చి, పిల్లను ఎవరి చేతిలో పెట్టాలో తెలియక ఆగిపోయిన వాళ్ళను నేను చూస్తున్నాను. వాళ్ళ కోసమే ఈ మాట.

రెండో అనుమానం నన్ను ఎక్కువ బాధపెట్టింది. కెనడాలోని క్యూబెక్ 1997లో రోజుకు 5 డాలర్లకే పిల్లల సంరక్షణను తెచ్చింది. తల్లుల ఉద్యోగాలు స్పష్టంగా పెరిగాయి. కొన్నేళ్ళ తరువాత అక్కడి ఆర్థికవేత్తలు పరిశీలిస్తే, ఆ పిల్లల్లో ఆందోళన, దూకుడు పెరిగినట్టు కనిపించింది. దీని మీద వాదోపవాదాలు ఇంకా సాగుతున్నాయి. పథకం ఒక్కసారిగా విస్తరించడంతో కేంద్రాల నాణ్యత అన్నిచోట్లా ఒక్కలా లేకపోవడమే కారణమని కొందరంటారు. పాపను ఏడాది దాటాక డే కేర్‌లో వదిలిన తల్లిగా ఇది చదివిన రాత్రి నాకు అన్నం సహించలేదు. తరువాత తీరికగా ఆలోచిస్తే, ఆ లెక్క పోల్చింది డే కేర్‌ను మరో ఏర్పాటుతో. మా ఊళ్ళో ఆ మరో ఏర్పాటు పేరు మంచం కోడు. తంబాకు దుమ్ములో, కత్తెరకు జానెడు దూరంలో, తల్లి పక్కనే ఉన్నా తల్లి చూపు చాటలోనే ఉన్న బాల్యం నాది. దానికన్నా, పదిమంది పిల్లలూ ఒక శ్రద్ధగల మనిషీ ఉన్న గది నయమని నాకు అనిపిస్తుంది. అయితే ఆ "శ్రద్ధగల" అన్న మాటను ఎవరు నిలబెట్టాలి?

నిలబెట్టాల్సింది మళ్ళీ ఆడవాళ్ళే. ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు 2023 డిసెంబరు 12న మొదలుపెట్టిన సమ్మె 42 రోజులు సాగింది. అప్పటికి కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, సహాయకురాలికి 7 వేలు ఇస్తున్నారు. వాళ్ళు అడిగింది 26 వేలు. అత్యవసర సేవల చట్టాన్ని, అదే ఎస్మాను, వాళ్ళ మీద ప్రయోగించారు. ఇక్కడే నాకు నవ్వు వచ్చింది. ఆ సేవ అత్యవసరమని ప్రభుత్వం అంత గట్టిగా చెప్పడం అంతకు ముందు నేను వినలేదు. నెల జీతమని అనకుండా గౌరవ వేతనమని అంటూ వచ్చారు, వాళ్ళకు గ్రాట్యుటీ హక్కు ఉందని 2022లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. మూడేళ్ళ లోపు పిల్లలను, పెంచిన వేళలను వాళ్ళ నెత్తిన పెట్టి జీతాన్ని అలాగే ఉంచితే, ఒక ఆడదాని ఉద్యోగాన్ని ఇంకో ఆడదాని కూలి నుంచి కోసి ఇచ్చినట్టవుతుంది. నేను కోరే మార్పుకు డబ్బు కావాలి. ఆ సంగతి దాచిపెట్టి వాదించడం నాకు ఇష్టం లేదు.

అమ్మ ఇక్కడ ఉన్న తొమ్మిది నెలలు

డే కేర్‌కు ముందు మా పాపను అమ్మ చూసింది. నా ప్రసూతి సెలవు ముగిసే వారం ముందు కోరుట్ల బస్సు దిగి, చేతిసంచితో మా అపార్ట్‌మెంటుకు వచ్చింది. ఆఫీసులో అందరూ "ఇంకేం, ఇంట్లో పెద్దవాళ్ళున్నారు, నీకు దిగుల్లేదు" అన్నారు. అప్పటికి అమ్మకు యాభై రెండేళ్ళు. రోజుకు ఏడెనిమిది వందల బీడీలు చేస్తున్న మనిషి. పెద్దవాళ్ళు అనగానే పనీపాటా లేక అరుగు మీద కూర్చున్న ముసలమ్మ మన కళ్ళ ముందు మెదులుతుంది, కానీ మనవల్ని చూడడానికి పిలిపించే అమ్మలు, అత్తలు చాలామంది తమ పని వదిలేసి వస్తారు. నేను ఉద్యోగంలోకి వెళ్ళిన రోజునే అమ్మ తన పని నుంచి బయటికి వచ్చింది. సర్వే గ్రాఫులో మా ఇద్దరినీ కలిపి చూస్తే ఏ మార్పూ ఉండదు.

పాప నిద్రపోయినప్పుడు అమ్మ బాల్కనీలో కూర్చునేది. "ఈడ గోడలతోని మాట్లాడుడే గదా బిడ్డా, పిల్ల పండుకుంటె నాకు చేతులు ఊకుంటలేవు" అనేది. ఆఫీసు నుంచి ఫోన్ చేసి పాప ఎంతసేపు పడుకుందని అడిగితే, "ఆరు కట్టలు" అని జవాబు. గంటన్నర అన్నమాట. అటు ఊళ్ళో నాన్నకు తోడు లేదు, పొలం కౌలుకు ఇచ్చారు, అమ్మ పీఎఫ్ ఖాతాలో ఆ నెలల గడులు ఖాళీగా ఉండిపోయాయి. తొమ్మిదో నెలలో ఒకరోజు, నేను అడగకముందే, "నేను పోత" అన్నది. నేను ఆపలేదు. అమెరికాలో ఉన్న నా స్నేహితురాళ్ళ ఇళ్ళలో ఇదే సంగతి విమానాల మీద నడుస్తుంది. ఆరు నెలలు అమ్మ, ఆ తరువాత ఆరు నెలలు అత్తగారు, సందర్శకుల వీసాల మీద వంతుల వారీగా వచ్చి, మంచులో కిటికీ పక్కన కూర్చుని ఊయల ఊపి వెళతారు. తెలుగువాళ్ళ కుటుంబ విలువలని దీన్ని కొందరు మురిపెంగా చెప్పుకుంటారు. విలువ ఉన్నమాట నిజమే, దాన్ని ఎవరు కడుతున్నారో కూడా రాసుకుంటే బాగుంటుంది.

తండ్రుల గురించి ఒక్క మాట. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ళ ఆడవాళ్ళలో 41 శాతం మంది ఇంట్లోవారి సంరక్షణలో రోజూ పాలుపంచుకుంటున్నారు, అందుకు సగటున 140 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మగవాళ్ళలో 21.4 శాతం మంది, 74 నిమిషాలు. మా ఆయన పొద్దున పాపను డే కేర్‌లో దింపుతాడు. మా అపార్ట్‌మెంటులో అందరూ అతన్ని మెచ్చుకుంటారు. సాయంత్రం నేను తీసుకువస్తాను. నన్ను ఎవరూ మెచ్చుకోలేదు, ఆలస్యమైతే వంద రూపాయలు వేస్తారు.

మా తమ్ముడి భార్య

మా మరదలు బీకాం చదివింది, కంప్యూటరులో లెక్కలు రాసే టాలీ వచ్చు. పోయిన దసరా ముందు మెట్‌పల్లిలో ఒక బట్టల షోరూములో లెక్కలు చూసే పని దొరికింది. పొద్దున పదింటి నుంచి రాత్రి ఎనిమిదింటి దాకా. జీతం మా ఊరి ప్రైవేటు బడి టీచరు తెచ్చుకునే దానికి రెండింతలకు పైనే. మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి బస్సు ఖర్చు లేదు. తమ్ముడు వెళ్ళమన్నాడు. అమ్మకు అప్పటికే మోకాళ్ళ నొప్పులు, నాన్నకు ఆరోగ్యం బాగాలేదు. వాళ్ళ పాపకు ఇరవై నెలలు.

అంగన్‌వాడీకి వెళ్ళి అడిగింది. ఆ టీచరు మంచి మనిషి, మా చిన్నప్పటి నుంచీ తెలిసినామె. "మూడేండ్లు నిండినంక తీస్కరా అమ్మా, ఇప్పుడు నేను ఒక్కదాన్నే ఉన్న, ఆయా పోస్టు ఖాళీ ఉంది, గింత చిన్నపిల్లను ఎట్ల చూస్త?" అన్నది. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. మెట్‌పల్లిలో డే కేర్ ఏదైనా ఉందేమోనని నేను ఇక్కడి నుంచి ఫోన్లు చేశాను. ప్లే స్కూళ్ళు దొరికాయి, వాటన్నిటికీ మధ్యాహ్నం ఒంటిగంటకే సెలవు. షోరూమువాళ్ళు పది రోజులు చూసి వేరే అతన్ని పెట్టుకున్నారు.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూశాను. ముందు గదిలో కుట్టుమిషను, దాని పక్కన మంచం, మంచం మీద నిద్రపోతున్న పాప ఉన్నాయి. పాప ఈ మధ్యే మంచం దిగడం నేర్చుకుందని, అందుకని సూదులూ కత్తెరా పై అరలో పెడుతున్నానని మరదలు చెప్పింది. వీధి గోడ మీద నీలి రంగుతో బోర్డు రాయించారు: "ఇచ్చట జాకెట్లు, లంగాలు కుట్టబడును". సర్వేవాళ్ళు ఆ వీధికి వచ్చినప్పుడు ఆమెను స్వయం ఉపాధి పొందుతున్న స్త్రీగా రాసుకుంటారు. గ్రాఫులో గీత ఆ మేరకు ఇంకాస్త పైకి లేస్తుంది.